బ్లాక్ వాచ్ సైనికుల ఈకల టోపీ ఎప్పుడు పోయింది, ఎందుకు పోయింది?

మీరు అడిగింది ఇదీ: బ్రిటిష్ సైన్యంలోని స్కాట్లండ్ దళం బ్లాక్ వాచ్ రెజిమెంట్ పాత ఫొటోల్లో మామూలు సిపాయి దగ్గర్నుంచి ఆఫీసరు దాకా అందరికీ ఎత్తయిన నల్ల టోపీ, దాని ఎడమ పక్కన ఎర్ర ఈకల కుచ్చు కనిపిస్తున్నాయి. ఇప్పటి ఎడిన్‌బరో పరేడ్ వీడియోల్లో మాత్రం ఆ టోపీ బ్యాండ్ వాళ్లకే ఉంది. మిగతా వాళ్లంతా చిన్న మడత టోపీలతో నడుస్తున్నారు. 2006లో స్కాటిష్ రెజిమెంట్లన్నీ కలిపేసినప్పుడు తీసేశారా, లేక ఎలుగుబంటి తోలు వాడకూడదన్న గొడవ వల్ల మానేశారా?

రెండూ కాదు. ఆ టోపీ మామూలు సైనికుడి తల మీద నుంచి దిగిపోయింది 1914 ఆగస్టులో. 2006లో పోయినవి వేరే ఉన్నాయి, వాటి గురించి కూడా చెప్తాను, ఎందుకంటే నా దృష్టిలో అసలు బాధపడాల్సింది వాటి గురించే.

ముందు ఎలుగుబంటి సంగతి తేల్చేద్దాం. లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు ఎర్ర కోట్లతో నిలబడే గార్డ్స్ పెట్టుకునేది నిజంగానే ఎలుగుబంటి తోలు టోపీ, కెనడా నల్ల ఎలుగుబంట్ల తోలుతో చేస్తారు. జంతు హక్కుల వాళ్లు ఏళ్ల తరబడి పోరాడుతున్నది దాని మీద. బ్లాక్ వాచ్ లాంటి హైలాండ్, అంటే స్కాట్లండ్ కొండ ప్రాంతాల, రెజిమెంట్లది వేరే టోపీ. దూరం నుంచి రెండూ నల్లగా, గుబురుగా, ఒకే రకంగా కనిపిస్తాయి కానీ దీంట్లో బొచ్చు అనేదే లేదు. ఇది నిప్పుకోడి ఈకలతో చేసింది, పేరు ఫెదర్ బోనెట్. మన వాళ్లే కాదు, ఇక్కడ స్కాట్లండ్ వాళ్లు కూడా చాలామంది రెండిటినీ కలిపేస్తుంటారు.

నేను స్కాట్లండ్‌లో పాత సైనిక దుస్తుల సంరక్షణ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇలాంటి బోనెట్లు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి, ఎక్కువగా ఎవరి తాతగారిదో అటక మీద రేకు పెట్టెలో దొరికిందని తెస్తారు. బయటి నుంచి చూస్తే బరువుగా, బిర్రుగా ఉంటుందనిపిస్తుంది. లోపలికి చూడండి. అడుగున చుట్టూ ఒక గట్టి పట్టీ, దాని బయటివైపు రంగు గళ్ల నేత. నుదురు తగిలే చోట తోలు పట్టీ, అది చెమటకు నల్లబడి, పాత టోపీల్లో ఎండి పగుళ్లు వేసి ఉంటుంది. ఆ పట్టీ మీద నుంచి పైకి పంజరంలా తీగల చట్రం. ఆ చట్రం మీద నల్లరంగు వేసిన నిప్పుకోడి ఈకలు వరసలు వరసలుగా కుట్టి ఉంటాయి. కుడివైపున కొన్ని ఈకల తోకలు చట్రం మీద నుంచి కిందికి వేలాడతాయి. ఎడమవైపున నల్ల పట్టు గుడ్డ కుచ్చు, దాని మీద బ్యాడ్జ్, దాని వెనక దోపిన హ్యాకిల్, అంటే మీరు ఫొటోలో చూసిన ఆ రంగు ఈకల కుచ్చు. లోపలంతా ఖాళీ, గాలి ఆడుతుంది, అందుకే చూపుకు కనిపించేంత బరువు చేతిలో ఉండదు.

నిప్పుకోడి ఈకకు ఒక గుణం ఉంది. ఎగిరే పక్షుల ఈకల్లో పోగులు ఒకదానికొకటి సన్నటి కొక్కేలతో పట్టుకుని పలకలా నిలబడతాయి. నిప్పుకోడికి ఎగిరే పని లేదు, ఆ కొక్కేలు లేవు, అందుకే దాని ఈక పోగులు విడివిడిగా, మెత్తగా జారుతుంటాయి. బోనెట్‌కి ఆ గుబురు అంతా దాని వల్లే వచ్చింది. కానీ వానకు తడిస్తే ఆ పోగులన్నీ అతుక్కుపోయి లోపలి చట్రం బయటపడుతుంది. నీళ్లు దులిపి, ఎక్కువ వేడి తగలకుండా నెమ్మదిగా ఆరనిచ్చి, మళ్లీ ఒక్కో పోగు విడదీయాలి. స్కాట్లండ్ వానల్లో ఇలాంటిది వెయ్యి మందికి ఇచ్చి, వెయ్యి టోపీలూ ఎప్పుడూ పరేడ్‌కి సిద్ధంగా ఉంచడం ఎంత పనో ఆలోచించండి. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇది ఒక్కరోజులో ఎవరో గీసిన డిజైన్ కాదు. స్కాట్లండ్ కొండ ప్రాంతాల వాళ్లు పెట్టుకునే ఊలుతో అల్లిన నీలం టోపీ దీనికి మూలం. బ్లాక్ వాచ్ మొదలైంది 1725లో జనరల్ వేడ్ కొండ ప్రాంతాల మీద కాపలాకు పెట్టిన విడి కంపెనీలుగా. 1739లో వాటిని రెజిమెంట్‌గా చేశారు. 1749 నుంచి దానికి 42 అనే నంబర్ స్థిరపడింది, అందుకే పాత కాగితాల్లో 42వ రెజిమెంట్ అనే ఉంటుంది. అప్పటి సైనికుల తల మీద ఆ బల్లపరుపు నీలం టోపీయే. దానికి ఒక ఈక దోపడం, తర్వాత రెండు, తర్వాత టోపీని కాస్త ఎత్తు చేసి పక్కలంతా ఈకలు కుట్టడం, ఇలా 18వ శతాబ్దం చివరికి వచ్చేసరికి అడుగున ఉన్న అసలు టోపీ కనపడనంతగా ఈకలు కమ్మేశాయి. ఆ గళ్ల పట్టీ ఒక్కటే మొదటి టోపీకి గుర్తుగా మిగిలింది. నెపోలియన్ యుద్ధాల నాటికి తీగల చట్రంతో పూర్తి బోనెట్ తయారైంది. 1815లో బెల్జియంలోని కాత్ర్ బ్రా దగ్గర 42వ రెజిమెంట్ దాన్ని పెట్టుకునే ఫ్రెంచ్ గుర్రపు దళాన్ని ఎదుర్కొంది.

ఎర్ర హ్యాకిల్ కథ ఇంకాస్త ముందుది. 1795 జనవరిలో హాలండ్‌లో గెల్డర్‌మాల్సెన్ అనే ఊరి దగ్గర జరిగిన పోరాటానికి గుర్తుగా అది తమకు దక్కిందని రెజిమెంట్ నమ్మకం. ఇప్పటికీ జనవరి 5ను రెడ్ హ్యాకిల్ డే అని జరుపుకుంటారు. 1822లో అన్ని హైలాండ్ రెజిమెంట్లకూ ఎర్ర ఈక అని నిబంధనల్లో అచ్చయితే 42వ రెజిమెంట్ ఊరుకోలేదు. అదే సంవత్సరం ఆగస్టులో సైన్యం పై అధికారులు ఉత్తర్వు ఇచ్చారు: ఎర్ర రాబందు ఈక 42వ రెజిమెంట్‌కి మాత్రమే, మిగతా వాళ్లు అంతకుముందు ఏది వాడుతున్నారో అదే వాడాలి అని. ఒక ఈక రంగు కోసం ఇంత పట్టుదలా అనిపించొచ్చు. కానీ ఇలాంటి పట్టుదల ఉన్నచోటే ఆచారం బతికింది, లేనిచోట పోయింది, ఈ మొత్తం చరిత్రలో నాకు కనిపించింది అదే.

ఇప్పుడు చాలామంది దాటేసే ఒక ముచ్చట. ఈ టోపీ పోవడం 1914లో మొదటిసారి కాదు. 42వ రెజిమెంట్‌కే 1780 ప్రాంతంలో రెండో బెటాలియన్ ఒకటి పుట్టి మన దేశానికి వచ్చింది, మంగళూరు కోటలో టిప్పు సుల్తాన్ ముట్టడిని తట్టుకున్నది ఆ బెటాలియనే. 1786లో దాన్ని విడదీసి 73వ రెజిమెంట్ చేశారు. 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన సైన్యంలోనూ అది ఉంది. మరి ఇంత చరిత్ర ఉన్న రెజిమెంట్ 1809లో ఒకే ఒక్క ఉత్తర్వుతో కిల్టు అనే గళ్ల పావడా, బోనెట్ అన్నీ వదిలేసుకుని మామూలు ఇంగ్లిష్ రెజిమెంట్ వేషం వేసుకోవాల్సి వచ్చింది. దానితోపాటు 72, 74, 75, 91, 94 నంబర్ల వాళ్లు కూడా. కారణం ఏంటంటే నెపోలియన్ యుద్ధానికి మనుషులు చాలడం లేదు, కొండ ప్రాంతంలో అన్ని రెజిమెంట్లకు సరిపడా కుర్రాళ్లు లేరు, వేరే చోట్ల నుంచి చేర్చుకుందామంటే వాళ్లకు కిల్టు ఇష్టం లేదు. అంతే, సంప్రదాయం ఒక్క పూటలో పక్కకు పోయింది. ఆ వేషం మార్చుకున్న 73వ రెజిమెంటే తర్వాత గవర్నర్‌గా వెళ్లిన మెక్వారీతో ఆస్ట్రేలియా వెళ్లింది. 1881లో మళ్లీ 42వ దానితో కలిపి బ్లాక్ వాచ్ రెండో బెటాలియన్‌గా చేసినప్పుడు వాళ్ల తల మీదికి బోనెట్ తిరిగి వచ్చింది. డెబ్బై రెండేళ్లు పట్టింది.

యుద్ధంలో ఈ టోపీ చివరి రోజులు క్రిమియా, లక్నో. 1854 సెప్టెంబర్ 20న క్రిమియాలో ఆల్మా నది దగ్గర 42, 79, 93 రెజిమెంట్లు ఈకల బోనెట్లతోనే గుట్ట ఎక్కాయి. వాళ్ల బ్రిగేడ్ కమాండర్ కాలిన్ క్యాంప్‌బెల్ స్కాట్లండ్ వాడే. యుద్ధం గెలిచాక బహుమానంగా ఏం కావాలంటే, ఇక నుంచి నా తల మీద కూడా హైలాండ్ బోనెట్ పెట్టుకోనివ్వండి అని అడిగాడు. ఆయనకు చేయించిన బోనెట్‌కి 42వ దాని ఎరుపు, మిగతా రెండిటి తెలుపు కలిపిన హ్యాకిల్ పెట్టారు. మూడేళ్ల తర్వాత లక్నోలో 93వ రెజిమెంట్ ఎర్ర కోటు వదిలేసి గోధుమరంగు నూలు కోట్లు వేసుకుంది కానీ బోనెట్ మాత్రం వదల్లేదు. ఎండకు గుబురు ఈకలు అడ్డం, కత్తి వేటు పడితే లోపలి చట్రం అడ్డం, కాబట్టి అది అలంకారమే కాదు, పనికొచ్చే వస్తువు కూడా.

ఆ తర్వాత పరిస్థితి మారింది. 1882లో ఈజిప్టులో తెల్ ఎల్ కెబీర్ దగ్గర బ్లాక్ వాచ్ బెండు హెల్మెట్లతో పోరాడింది. 1899 డిసెంబర్‌లో దక్షిణాఫ్రికాలో మాగర్స్‌ఫోంటైన్ దగ్గర హైలాండ్ బ్రిగేడ్ చావు దెబ్బ తిన్న రోజు కూడా అదే రకం హెల్మెట్, కిల్టు మీద ఖాకీ గుడ్డ. దూరం నుంచి గురి చూసి కొట్టే రైఫిల్ వచ్చాక ఎత్తయిన నల్ల టోపీ పెట్టుకుని నిలబడితే అది శత్రువుకు గుర్తు చూపించడమే. కాబట్టి 1900 నాటికే ఈకల బోనెట్ బ్రిటన్‌లో ఉన్నప్పుడు పరేడ్ల కోసం, సెంట్రీ డ్యూటీల కోసం, ఆదివారం చర్చికి కవాతుగా వెళ్లడం కోసం మాత్రమే మిగిలింది. మీ దగ్గరున్న ఫొటోల్లో ఎక్కువ భాగం ఆ కాలానివే అయ్యుంటాయి, 1881కి 1914కి మధ్య. స్టూడియోలో ఫొటో తీయించుకోవడం చవకైన రోజులు అవి, కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ పూర్తి డ్రెస్ వేసుకుని ఇంటికి ఒక ఫొటో పంపేవాడు.

ఇక 1914. ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు బ్లాక్ వాచ్ 1వ బెటాలియన్ ఆల్డర్‌షాట్‌లో ఉంది. 2వ బెటాలియన్ మన బరేలీలో ఉంది, ఇండియాలో ఎలాగూ బోనెట్ కాదు, ఎండ హెల్మెట్టే. సమీకరణ ఉత్తర్వు రాగానే ఎర్ర కోట్లు, బోనెట్లు స్టోర్లలో అప్పజెప్పి ఖాకీ వేసుకుని ఫ్రాన్స్ బయల్దేరారు. తలమీద గ్లెన్‌గారీ, అంటే పడవలా మడిచే చిన్న టోపీ. కందకాల్లోకి దిగాక అది కూడా నప్పక, వెడల్పుగా ఉండే ఖాకీ టామ్ ఓ శాంటర్ వచ్చింది, 1916 నుంచి ఉక్కు హెల్మెట్లు వచ్చాయి. ఇంటి దగ్గర లక్షల మంది కొత్తగా చేరుతున్నారు, వాళ్లకు ఖాకీ యూనిఫాం కుట్టించడమే గగనంగా ఉంటే ఈకల టోపీ ఎవరిస్తారు? అలా ఆ ఆగస్టులో స్టోర్లకు వెళ్లిన బోనెట్లు మామూలు సిపాయి తలమీదికి మళ్లీ రాలేదు. తాత్కాలికమే అనుకుని మూటకట్టి పెట్టారు, రద్దు చేస్తున్నామని వేడుకగా ప్రకటించినవాళ్లు లేరు, అందుకే చరిత్ర పుస్తకాల్లో ఈ తేదీ సులువుగా దొరకదు.

యుద్ధం అయ్యాక ఎందుకు తిరిగి ఇవ్వలేదు? డబ్బు. బ్రిటన్ అప్పుల్లో ఉంది. 1920లో రాజు దగ్గర ఉండే గార్డ్స్‌కి మాత్రం పాత పూర్తి డ్రెస్ తిరిగి ఇచ్చారు, ఎందుకంటే రాజధానిలో, రాజభవనం ముందు, ప్రపంచం చూసేది వాళ్లనే. మిగతా కాల్బలం మొత్తానికీ ఖాకీయే గతి అన్నారు. బ్యాండ్లకు మాత్రం పాత వేషం అనుమతించారు, ఆఫీసర్లు దర్బారులకు సొంత ఖర్చుతో వేసుకోవచ్చు. ఆ తర్వాత 1922లో, ప్రభుత్వ ఖర్చు తగ్గించడానికి వేసిన గెడ్డెస్ కమిటీ కోతలు వచ్చాయి, వాటిల్లో రెజిమెంట్లకు రెజిమెంట్లే ఎగిరిపోతుంటే టోపీల గురించి అడిగే నోరు ఎవరికుంటుంది. వెయ్యి బోనెట్లు, వాటికి ఎప్పుడూ చేయాల్సిన మరమ్మతు, కొన్నేళ్లకు మార్చాల్సిన ఈకలు. ఇందాక వాన సంగతి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

ఇంకో దెబ్బ బయటి నుంచి పడింది. బోనెట్‌కి కావాల్సిన ఈకలు, వాటిని శుభ్రం చేసి రంగు వేసి కుట్టే పనివాళ్లు, ఇదంతా అసలు నడిచింది ఆడవాళ్ల టోపీల ఫ్యాషన్ మీద. దక్షిణాఫ్రికాలో అవుట్స్‌హూర్న్ చుట్టూ నిప్పుకోళ్లను పెంచి ఈకలమ్మి కోట్లు గడించినవాళ్లు ఉండేవాళ్లు. సరిగ్గా 1914లోనే ఆ మార్కెట్ కుప్పకూలింది. యుద్ధం వచ్చింది, కార్లలో తిరిగే ఆడవాళ్లకు పెద్ద ఈకల టోపీలు అడ్డమయ్యాయి, ఫ్యాషన్ మారిపోయింది. ఈక చవకైంది కదా, మంచిదే కదా అనుకోవచ్చు. కానీ పెద్ద గిరాకీ పోయాక ఆ పని నేర్చుకునే కొత్త చేతులు తగ్గిపోయాయి, సైన్యం ఒక్కటే ఇచ్చే చిన్న ఆర్డర్లతో ఒక వృత్తి మొత్తం ఎలా నిలబడుతుంది? ఇప్పుడు ఒక బోనెట్‌ని పాత పద్ధతిలో మొదటి నుంచీ చేయగల వాళ్లు చాలా తక్కువ మంది. నా బల్ల మీదికి వచ్చిన పాత వాటిని విప్పి చూసినప్పుడు ఆ కుట్టులో కనిపించే ఓపిక చూస్తే, చేసిన ఆ మనిషి పేరు ఎక్కడా లేదే అని ప్రతిసారీ బాధేస్తుంది.

1922 అన్నాను కాబట్టి మన వాళ్లకు దగ్గరి సంగతి ఒకటి. ఆ సంవత్సరం ఐర్లాండ్ విడిపోయాక అయిదు ఐరిష్ కాల్బల రెజిమెంట్లను జులై 31న రద్దు చేశారు. వాటిలో రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ ఒకటి. వాళ్లది నిజంగా బొచ్చు టోపీ, దానికి తెలుపు, ఆకుపచ్చ కలిసిన హ్యాకిల్. పేరుకు ఐరిష్ కానీ ఆ రెజిమెంట్ వేళ్లు ఈస్టిండియా కంపెనీ బెంగాల్ యూరోపియన్ దళంలో ఉన్నాయి. వాళ్ల యుద్ధ గౌరవాల జాబితాలో కండోర్, మసూలిపటమ్ అని రెండు పేర్లుంటాయి. మొదటిది పిఠాపురం దగ్గరి మన చందుర్తి, 1758 డిసెంబర్‌లో విజయనగరం ఆనంద గజపతి రాజు తోడుగా కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచి వాళ్లను ఓడించిన చోటు. రెండోది 1759 ఏప్రిల్‌లో పట్టుకున్న బందరు కోట. గోదావరి, కృష్ణా జిల్లాల్లో మొదలైన పేరు చివరికి ఐర్లాండ్ కుర్రాళ్ల జెండాల మీదికి చేరి, 1922 జూన్‌లో విండ్సర్ కోటలో రాజుకు అప్పగించడంతో ఆగిపోయింది. బ్లాక్ వాచ్ టోపీ రెజిమెంట్ ఉండగానే పోయింది, మన్‌స్టర్ వాళ్ల టోపీ రెజిమెంట్‌తోపాటే పోయింది. వెనక్కి తెచ్చుకునే ఆశ ఎవరికి ఉందో ఇక్కడే తేడా తెలుస్తుంది. బ్యాండ్ అయినా మిగిలి ఉంటే ఒక తీగ తెగకుండా ఉంటుంది.

బ్లాక్ వాచ్‌కి ఆ తీగ తెగలేదు. మిగతా హైలాండ్ రెజిమెంట్లలో డ్రమ్స్ వాయించే వాళ్లు బోనెట్ పెట్టుకుంటే బ్యాగ్‌పైప్ ఊదే పైపర్లు గద్ద ఈక దోపిన గ్లెన్‌గారీ పెట్టుకుంటారు. బ్లాక్ వాచ్‌లో పైపర్లకు కూడా బోనెట్టే, అది వాళ్ల ప్రత్యేకత. 1963 నవంబర్‌లో కెనడీ అంత్యక్రియల్లో పైపులు ఊదిన తొమ్మిది మంది ఈ రెజిమెంట్ వాళ్లే. చనిపోవడానికి కొద్ది రోజుల ముందే వాళ్లు వైట్‌హౌస్ పచ్చికలో ఆయన కుటుంబం ముందు వాయించారు. మామూలు సిపాయి దగ్గర టోపీ పోయి అప్పటికి యాభై ఏళ్లు కావస్తోంది, అయినా ప్రపంచం దృష్టిలో బ్లాక్ వాచ్ అంటే ఆ టోపీయే. అందుకే 2006లో తీసేశారేమో అన్న అనుమానం మీకే కాదు, ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్లకూ వస్తుంది.

ఇప్పుడు 2006. 2004 చివర్లో, బ్లాక్ వాచ్ ఇరాక్‌లో క్యాంప్ డాగ్‌వుడ్ దగ్గర మనుషుల్ని పోగొట్టుకున్న ఆ నెలల్లోనే, స్కాటిష్ రెజిమెంట్లన్నిటినీ ఒకే పెద్ద రెజిమెంట్‌గా కలిపేస్తున్నట్టు లండన్ ప్రకటించింది. ఇక్కడ జనం వీధుల్లోకి వచ్చారు. పాత సైనికులు, వాళ్ల పిల్లలు, అసలు సైన్యంతో సంబంధం లేని వాళ్లు కూడా. అయినా 2006 మార్చి 28న రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లండ్ పుట్టింది. బ్లాక్ వాచ్ దాంట్లో 3వ బెటాలియన్ అయింది.

తలమీద ఏం మారిందంటే, అందరికీ ఒకే బ్యాడ్జ్ వచ్చింది, సింహం, దాని వెనక సెయింట్ ఆండ్రూ శిలువ. అందరికీ ఒకే గ్లెన్‌గారీ, ఒకే గళ్ల పట్టీ, దాని మీద నల్ల అడవికోడి ఈక. ఆ ఈక రాయల్ స్కాట్స్, కింగ్స్ ఓన్ స్కాటిష్ బోర్డరర్స్ వాళ్ల ఆచారం, ఇప్పుడు అందరిదీ అయింది. ఆర్గైల్ అనే ఇంకో హైలాండ్ రెజిమెంట్ వాళ్ల గ్లెన్‌గారీకి ఎరుపు తెలుపు గళ్లు ఉండేవి, క్రిమియా యుద్ధంలో బాలక్లావాలో నిలబడిన 93వ రెజిమెంట్ వారసత్వం అని ఛాతీ విరిచి చెప్పుకునేవాళ్లు, వాళ్ల బ్యాడ్జ్ సైన్యం మొత్తంలోకీ పెద్దది. అవి పోయాయి. బ్లాక్ వాచ్ వాళ్లకు టామ్ ఓ శాంటర్ మీద బ్యాడ్జ్ పెట్టుకోని ఆచారం ఉండేది, ఎర్ర హ్యాకిల్ ఒక్కటే చాలు మేమెవరో చెప్పడానికి అనేవాళ్లు. ఆ లెక్కా మారింది. నిజంగా నష్టం జరిగింది ఇక్కడ. ఈకల బోనెట్ ఎలాగూ అప్పటికి 92 ఏళ్ల ముందే బ్యాండ్‌కి పరిమితమైంది, కానీ ఈ చిన్న టోపీలు, బ్యాడ్జీలు రోజూ పొద్దున్నే లేచి ప్రతి కుర్రాడూ అద్దం ముందు సర్దుకునేవి. తాత పెట్టుకున్న బ్యాడ్జే మనవడూ పెట్టుకునేవాడు. అదంతా ఆఫీసులో కూర్చుని ఒకే నమూనా కిందికి తెచ్చేశారు. సైన్యం చిన్నదవుతుంటే రెజిమెంట్లు కలపక తప్పదన్న వాదన నాకు అర్థమవుతుంది, అన్ని తలల మీదా ఒకటే బ్యాడ్జ్ ఉండాలన్నది మాత్రం నేను ఒప్పుకోను.

హ్యాకిల్స్ దక్కాయి. అది గొడవ పడ్డందుకే దక్కింది. 3వ బెటాలియన్ టామ్ ఓ శాంటర్ మీద ఎర్ర హ్యాకిల్ ఉంటుంది, మిగతా బెటాలియన్లకు ఒక్కోదానికి ఒక్కో రంగు ఇచ్చారు. 2వ బెటాలియన్‌కి తెలుపు, 4వ దానికి నీలం, ఆర్గైల్ వాళ్లకు ఆకుపచ్చ. నీలం వెనక కూడా కథ ఉంది, 1940లో ఫ్రాన్స్‌లో క్యామెరాన్ హైలాండర్స్‌కి ఆరో జార్జ్ రాజు ఇచ్చింది అది. బ్యాండ్లను కూడా కదపలేదు, ప్రతి బెటాలియన్ పైపులు డ్రమ్స్ బృందం పాత డ్రెస్‌లోనే ఉండిపోయింది, 3వ బెటాలియన్ పైపర్లు ఇప్పటికీ ఎర్ర హ్యాకిల్‌తో ఈకల బోనెట్ పెట్టుకుంటారు.

బ్యాండ్ వాళ్లు అంటే సినిమా వేషగాళ్లు అనుకోకండి, పాత స్నేహితుడొకరు అలాగే అన్నారు నాతో. పైపర్లు ముందు సైనికులు, తర్వాతే పైపర్లు. ఆ పైపర్ ఆరు నెలల క్రితం మెషిన్‌గన్ దగ్గర ఉండి ఉండొచ్చు. కాబట్టి టోపీ మ్యూజియంలోకి వెళ్లిపోయి బొమ్మలా మిగిలింది అనడం కూడా న్యాయం కాదు. పెట్టుకునే సైనికులు తగ్గారు, అంతే.

మరి మళ్లీ అందరికీ ఇస్తారా? ఇవ్వరు. గార్డ్స్ టోపీ ఒక్కోటి కొనడానికే రక్షణ శాఖకు 2023లో రెండు వేల పౌండ్లు దాటిందని లెక్కలు బయటికొచ్చి పెద్ద రగడ అయింది. అలాంటి రోజుల్లో ఇంకో బెటాలియన్ మొత్తానికి ఈకల టోపీలంటే పార్లమెంటులో లేచి అడిగే మనిషి ఉండడు. నేను కోరుకునేది అంతకంటే చిన్నది: బ్యాండ్లకు కావాల్సిన వాటిని చవకరకం తెచ్చి సరిపెట్టకుండా, చేయి తిరిగిన వాళ్ల దగ్గర చేయిస్తూ, వాళ్ల పక్కన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లను నేర్చుకోవడానికి పెట్టాలి. ఈక ఎక్కడైనా దొరుకుతుంది, చట్రం మీద తోకలు సమంగా వేలాడేలా కుట్టే చేయి దొరకదు.

మీ ఫొటో కాలం తేల్చుకోవాలంటే ఒక సులువైన పద్ధతి. గుంపు ఫొటోలో మామూలు సిపాయిలందరికీ బోనెట్ ఉంటే అది 1914కి ముందుదే, సందేహం లేదు. ఒకరిద్దరికే ఉండి మిగతా వాళ్లు గ్లెన్‌గారీలో ఉంటే ఆ ఒకరిద్దరి చేతుల్లో పైపులో డ్రమ్ కర్రలో ఉన్నాయేమో చూడండి, ఉంటే 1920ల తర్వాతది కావచ్చు. ఒక జాగ్రత్త: నలుపు తెలుపు ఫొటోల్లో ఎరుపు చాలాసార్లు నల్లగా పడుతుంది, కాబట్టి హ్యాకిల్ తెల్లగా కనిపిస్తే అది బ్లాక్ వాచ్ కాదేమోనని అనుమానించాలి. గోర్డన్, సీఫోర్త్, క్యామెరాన్ అనే మిగతా హైలాండ్ రెజిమెంట్ల వాళ్లవి తెల్లవి.

కళ్లారా చూడాలంటే పెర్త్ ఊళ్లో బల్‌హౌసీ కోటలో బ్లాక్ వాచ్ మ్యూజియం ఉంది, అన్ని కాలాల టోపీలూ ఒక్కచోట కనిపిస్తాయి. కదులుతుండగా చూడాలంటే ఆగస్టులో ఎడిన్‌బరో టాటూకి, అంటే సైనిక బ్యాండ్ల ప్రదర్శనకి, రండి, 1950 నుంచీ జరుగుతోంది, టికెట్లు ముందే తీసుకోండి, గొడుగు కాదు రెయిన్‌కోటు తెచ్చుకోండి, గొడుగు తెరిస్తే వెనక వాళ్లు ఊరుకోరు. మీ ఫొటోలోని భుజం పట్టీ, బ్యాడ్జ్ దగ్గరగా తీసి పెట్టగలిగితే ఏ బెటాలియనో కూడా చెప్పడానికి ప్రయత్నిస్తాను.